పాత పిస్తోలు, కొత్త తూటా

అమెరికాలో పాత ఆయుధములు సేకరించువారికి కోల్టు కంపెనీవారి ‘వుడ్స్‌మన్’ పిస్తోలనిన మిక్కిలి మక్కువ. జాన్ బ్రౌనింగు రూపకల్పన చేసిన ఈ పిస్తోలును 1915లో హార్ట్‌ఫర్డు నగరమున తయారుచేయ నారంభించిరి. 1927లో దానికి ‘వుడ్స్‌మన్’, అనగా అడవులలో తిరుగువాడు, అను పేరు పెట్టిరి. 1977 వరకు దాని తయారీ సాగినది.

ఇది .22 తూటాను పేల్చును. ఆ తూటాలో నిప్పంటుకొను మందు అడుగున నడుమ గాక, చుట్టునున్న అంచులో ఇమిడియుండును. అంచుపై దెబ్బ తగులగానే గుండు ముందుకు దూసుకొనిపోవును. ఖాళీ డొల్ల వెనుకకు తన్నును. ఆ తాకిడికి పైభాగము వెనుకకు జారి, స్ప్రింగు బలమున తిరిగివచ్చుచు మరియొక తూటాను ఎక్కించును. పేల్చువాడు ప్రతిసారి మీట నొక్కిన చాలును.

చిక్కంతయు ఆ తాకిడిలోనే యున్నది. 1930 ప్రాంతమున అధికవేగపు తూటాలు అంగళ్ళకు వచ్చినవి. వాని దెబ్బకు తొలినాటి పిస్తోళ్ళు ఆగజాలవు. అందుచేత 1932లో కోల్టువారు పిడి వెనుకనున్న ఉక్కుభాగమును గట్టిపరచిరి. పాతదానిపై గళ్ళచెక్కడము, కొత్తదానిపై అడ్డుగీతలు కనిపించును. ఆ భాగమును ఎవరైన మార్చియుండవచ్చును గనుక, పిస్తోలుపైనున్న క్రమసంఖ్యను గూడ సరిచూచుకొనవలెను.

కొనువాడు మెరుగును చూచి మురియుటకు ముందు పిడివెనుక చూడవలెను. గళ్ళున్నచో సాధారణవేగపు తూటాలే వాడవలెను. ఈ చిన్న సంగతి తెలియనివాడు, తరములు దాటి వచ్చిన వస్తువును ఒక్క పూటలో పాడుచేసికొనును.