చుండూరులో చ

రైల్వే వాళ్ళ ఇంగ్లీషు స్పెల్లింగులో చుండూరు 'టీ-ఎస్'తో మొదలవుతుంది. చిన్నప్పుడు తెనాలి నుంచి బాపట్ల వైపు పాసింజర్లో పోతూ ఆ బోర్డు చూసి నవ్వుకునేవాణ్ణి. తప్పు వాళ్ళది కాదని చాలా ఏళ్ళకి తెలిసింది. ఆ ఊరి పక్కనే పుట్టిన మా అమ్మమ్మ నోట్లో ఆ చ, 'చెట్టు'లో చ కాదు, 'చాప'లోది, 'చుక్క'లోది. వ్యాకరణాలు దంత్య చకారం అన్నాయి. చ నెత్తిన చిన్న గుర్తు పెట్టి ౘ అని రాసేవాళ్ళు. అచ్చులో అది మెల్లగా మాయమైంది.

ఈ అక్షరం వెంట పడితే ఇంకో కథలోకి వెళ్ళాను. 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళు యూజ్‌నెట్‌లో కూడేవాళ్ళు. ఫాంట్లు లేవు. కీబోర్డు మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే. పద్యం గురించి పోట్లాడుకోవాలన్నా ముందు పద్యం టైపు చెయ్యాలి కదా! రైస్ యూనివర్సిటీ నుంచి కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 'ఆర్‌టీఎస్' అనే లిపి పద్ధతి తెచ్చారు. ఎవరు రాయాలో వాళ్ళే దాన్ని తయారుచేశారు. చుండూరు రాయాలంటే చిన్న సి, చిన్న యు, పెద్ద ఎమ్, పెద్ద డి, పెద్ద యు, చిన్న ఆర్, చిన్న యు. చూస్తే గజిబిజి. వేళ్ళకి అలవాటైతే మాత్రం భలే తేలిక. తెరమీద తెలుగు అచ్చు రాకపోయినా చదివెయ్యొచ్చు. 1998లో 'ఈమాట' వచ్చింది. 2003 చివర్లో తెలుగు వికీపీడియా. ఆ తర్వాత 'లేఖిని'. నేను తెలుగు టైపు నేర్చుకున్నది అందులోనే, ఇంచుమించు అదే ఆర్‌టీఎస్ పద్ధతిలో.

ఇంతవరకూ ముచ్చటైన కథే. వాడబోయేవాళ్ళే కూర్చుని కట్టుకున్న ఇల్లు. నన్ను ఆపింది ఒక సంవత్సరం.

తెలుగు అక్షరాలకి యూనికోడ్‌లో చోటు దొరికింది 1991 అక్టోబరులో, మొదటి కూర్పులోనే. అదే ఏడాది ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని తరిమి చంపారు. కొన్ని శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. అంతకు నెల ముందు సినిమాహాల్లో కాలు తగిలిన గొడవ, ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ. బతికినవాళ్ళు చనిపోయినవాళ్ళని ఊరి నడుమ పూడ్చి, ఆ చోటుని రక్తక్షేత్రం అన్నారు.

ఈ రెంటికీ సంబంధం లేదు, నిజమే. కానీ 'వాడబోయేవాళ్ళు' అన్నప్పుడు ఆ గదిలో ఎవరున్నారు? యూనివర్సిటీ అకౌంటు ఉన్నవాళ్ళు. తప్పు పట్టడం లేదు, అప్పట్లో ఇంకెవరికి ఉంది గనక. వాళ్ళు లేకపోతే నేనీ వ్యాసం ఇలా రాసేవాణ్ణి కాదు. అయితే అవే రోజుల్లో తెలుగులో ఇంకో గుంపు తన భాషని తనే కట్టుకుంటోంది. కారంచేడు, చుండూరు తర్వాత రాసిన దళిత కవులు 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనంలో ఒకచోట కనిపించారు. ఏ తెలుగు కవిత్వానికి పనికొస్తుందన్నది వాళ్ళ తగాదా. వాళ్ళకి కావలసింది కీబోర్డు కాదు, అచ్చులో చోటు. ఒకే దశాబ్దం, ఒకే భాష. నెట్‌లో తెలుగు చరిత్ర చెప్పేటప్పుడు మనం మొదటి గుంపుతోనే మొదలుపెడతాం.

చుండూరు వాళ్ళు అడిగి కట్టించుకున్నది ఇంకొకటుంది: కోర్టు. విచారణ తమ ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టారు. సాక్షి నడిచి వెళ్ళగలిగే దూరంలో కోర్టు ఉండటం ఎంత పెద్ద సంగతో, వాయిదాలకి ఊళ్ళు తిరిగినవాళ్ళకి తెలుసు. ప్రత్యేక కోర్టు ఊళ్ళోకే వచ్చింది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది.

2007 తీర్పుకీ 2014 తీర్పుకీ మధ్యలో, 2008లో, యూనికోడ్ 5.1లోకి ౘ వచ్చింది. ప్రతిపాదన పెట్టింది ఏ ప్రభుత్వమో కాదు, పెట్టినవాళ్ళలో ఒకరు తెలుగు వికీపీడియాకి బీజం వేసిన వెన్న నాగార్జున.

నా ఫోన్ కీబోర్డులో ఆ అక్షరం ఇప్పటికీ దొరకదు. ఎక్కడినుంచో కాపీ చేసుకుని అతికిస్తాను. ౘుండూరు. అమ్మమ్మకి చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని, "చ మీద ఆ ఈగేంట్రా?" అంది.