బెంగుళూరున పుట్టిన బొమ్మల పుస్తకములు
బాలకథాచిత్రమనగానే తెలుగువారికి స్ఫురించునది 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మదరాసున ఆరంభించిన చందమామయే యైనను, విడిపుస్తకములుగా విక్రయింపబడిన అమరచిత్రకథకు పుట్టినిల్లు బెంగుళూరను సంగతి మనలో పెక్కురెరుగరు. 1965లో ఇండియా బుక్ హౌస్ వారి బెంగుళూరు శాఖయందుండిన జి.కె. అనంతరామ్ గారి చొరవతో అది మొదట కన్నడమున వెలువడెను. తొలి పది పుస్తకములును సిండ్రెల్లా, పినోకియో, ఓజ్ మాంత్రికుడు మున్నగు పరదేశపు కథలే. పినోకియోకు 1883లో ఇటలీవాడైన మజ్జాంతి, ఓజ్ కథకు 1900లో అమెరికావాడైన డెన్‌స్లో పుస్తకరూపమున తొలి బొమ్మలు గీసియుండిరి. పదునొకండవ సంఖ్యయైన 'కృష్ణ'లో అనంత పై గారి రచనకు రామ్ వాయీర్కర్ కుంచె తోడై, దేశీయకథకు దేశీయరేఖ లభించెను.

ఇట్టి పుస్తకముల ముద్రాపకునికి ఆనాడు మూలచిత్రము కేవలమొక సాధనము: నల్లసిరాతో గీసిన రేఖాపత్రమును కెమెరాతో ఫిల్మునకెక్కించి, రంగునకొక పలక చొప్పున సిద్ధపరచిన పిదప, దానితో వానికి పనియుండెడిది కాదు. అయినను, తెల్లరంగు పూసి దిద్దిన తప్పులును, అంచున పెన్సిలుతో వ్రాసిన కొలతలును, అచ్చుపుటయందు కానరాని చిత్రకారుని తటపటాయింపును చూపునది ఆ కాగితమే గదా! 2007లో బెంగుళూరున ట్రినిటీ కూడలి చేరువ మిడ్‌ఫర్డ్ హౌస్‌యందు వ్యంగ్యచిత్రములకొక ప్రదర్శనశాల వెలసినది. బాలకథల మూలచిత్రములకును అట్టి ప్రదర్శనశాలయొకటి ఈ నగరమున ఉండదగును.