తిండి చరిత్ర – 6: పళ్ళెంలో లేనిదాన్ని సీసాలో వెతికితే

రోజూ ఒక మల్టీవిటమిన్ బిళ్ళ వేసుకోవడం మంచిదేనా అని హాస్టల్ విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ఆ బిళ్ళలోని ఒక్క విటమిన్ చరిత్ర తెలిసినా ఆ ప్రశ్నే మారిపోతుంది. దాని పేరు నియాసిన్. సీసా మీద బి3 అని ఉంటుంది. అది అందక వచ్చే జబ్బు పెల్లాగ్రా.

ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగులుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. మతి చెడుతుంది. చివరికి చావు. 20వ శతాబ్దం మొదటి నలభై ఏళ్ళలో అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ రాష్ట్రాల్లో, దాదాపు 30 లక్షల మందికి ఈ జబ్బు సోకిందని, లక్ష మంది చనిపోయారని అంచనా. ఎవరు వీళ్ళు? పత్తి చేలల్లో పాలుకి పనిచేసేవాళ్ళు, బట్టల మిల్లు కూలీలు, అనాథాశ్రమాల పిల్లలు. పేద తెల్లవాళ్ళూ ఉన్నారు. చావుల్లో మాత్రం నల్లజాతివాళ్ళ వాటా, ఆడవాళ్ళ వాటా ఎక్కువ.

ఇది క్రిమి వల్ల వచ్చే అంటురోగమని అప్పటి వైద్యుల్లో చాలామంది నమ్మారు. చార్లెస్ డావెన్‌పోర్ట్ అనే యూజెనిక్స్ పండితుడు 1916లో ఇంకో అడుగు ముందుకేసి, వంశపారంపర్యం పాత్ర కూడా ఉందని రాశాడు. అంటే, మీ మురికి వల్ల వచ్చింది, లేదంటే మీ రక్తంలోనే ఉంది. ఈ మాట మనకేమైనా కొత్తా?

1914లో ప్రభుత్వం పంపగా దక్షిణానికి వచ్చిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒక చిన్న విషయం గమనించాడు. ఆశ్రమాల్లో, పిచ్చాసుపత్రుల్లో ఉండేవాళ్ళకి జబ్బు వస్తోంది. వాళ్ళ మధ్యే తిరిగే సిబ్బందికి రావడం లేదు. అంటురోగమైతే మనిషి హోదా చూసి అంటుకుంటుందా? తేడా తిండిలో ఉంది. ఆశ్రమాల పిల్లలకి పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్ళు పెట్టించాడు. జబ్బు పోయింది. తర్వాత ప్రభుత్వ డబ్బు ఆగింది, పాత తిండి వచ్చింది, ఒక ఆశ్రమంలో జబ్బూ తిరిగొచ్చింది. అయినా నమ్మనివాళ్ళ కోసం ఆయన, సహచరులు రోగుల రక్తాన్ని తమ ఒంట్లోకి ఎక్కించుకున్నారు. ఆయన భార్య మేరీ కూడా ఎక్కించుకుంది. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు.

ఆ తర్వాత ఆర్థికవేత్త ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్‌తో కలిసి దక్షిణ కరోలినాలోని మిల్లు ఊళ్ళలో ఇంటింటి ఆదాయం లెక్కగట్టారు. ఆదాయం పెరిగే కొద్దీ పెల్లాగ్రా తగ్గింది. ఆ పేదల రోజువారీ తిండి మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, కొవ్వు ముక్క. గడప దాకా పత్తే వేయమనే భూస్వామి దగ్గర కూరగాయల మడికి, పాడి ఆవుకి చోటేదీ?

ఇంకో సంగతి. మొక్కజొన్నని ప్రపంచానికి ఇచ్చిన మెక్సికో మూలవాసులు దాన్ని సున్నపు నీళ్ళలో ఉడికించి తినేవాళ్ళు. అలా చేస్తే గింజలో బిగుసుకున్న నియాసిన్ ఒంటికి అందుతుంది. యూరప్‌వాళ్ళు గింజని పట్టుకుపోయారు, ఆ వంట జ్ఞానాన్ని వదిలేశారు.

గోల్డ్‌బర్గర్ 1929లో చనిపోయాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ ఆ పదార్థం నికోటినిక్ ఆమ్లమని, అంటే నియాసినేనని తేల్చాడు. 1940లలో అమెరికాలో పిండిలో, రొట్టెలో దాన్ని కలపడం మొదలైంది.

పెల్లాగ్రా మన దక్కన్‌లోనూ ఉండేది. జొన్న తప్ప మరొకటి దొరకని నిరుపేదల్లో ఈ జబ్బుని హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య అధ్యయనం చేశారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ ఒక కారణం కావొచ్చని 1960లో ప్రతిపాదించారు. అలాగని జొన్నని తిట్టుకోనక్కర్లేదు. పక్కన పప్పు, పాలు, మాంసం ఉన్న ఇంట్లో జొన్న ఎవరినీ చంపలేదు. పక్కన ఏమీ లేకపోవడమే అసలు జబ్బు.

ఇక బిళ్ళ సంగతి. అమెరికాలో 14,641 మంది మగ డాక్టర్ల మీద పదేళ్ళకు పైగా పరీక్ష చేశారు. రోజూ మల్టీవిటమిన్ వేసుకున్నా గుండెపోట్లు తగ్గలేదు. క్యాన్సర్ కాస్త తగ్గింది, అంతే. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్ళకి బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లో తేలింది. కడుపు నిండినవాడికి బిళ్ళ వల్ల ఒరిగేది తక్కువ.

లోటు ఉన్నవాళ్ళ లెక్క వేరు. రక్తహీనతకి ఐరన్, గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం, బి12 లోటు ఉంటే బి12. ఇవి డాక్టర్ని అడిగి వేసుకోవాల్సిన మందులు. ప్రభుత్వం ఉచితంగా ఇస్తే వదులుకోవద్దు. అది మన హక్కు. కానీ నెలకో సీసా కొనే డబ్బుంటే ముందు గుడ్లు, పప్పు, ఆకుకూర కొనుక్కోండి.

బిళ్ళ చూపించి పళ్ళెం గురించి అడగనివ్వకపోతే మాత్రం అనుమానించండి. నియాసిన్‌కి పేరు తెలియకముందే గుడ్డు, మాంసం పెల్లాగ్రాని నయం చేశాయి. అలాంటి గుడ్డుని అంగన్‌వాడీల్లో పెట్టే ప్రతిపాదనని 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి తోసిపుచ్చారు. మన వాడల్లో తినే మాంసాన్ని ఇప్పటికీ మురికి అనే పిలుస్తున్నారు. మీ హాస్టల్ మెనూలో ఏం రాసి ఉంది, పళ్ళెంలో ఏం పడుతోంది? ఆ లెక్క రాయండి. గోల్డ్‌బర్గర్ చేసింది ఆ పనే.

వచ్చే భాగంలో: పాలిష్ బియ్యం, బెరిబెరి.