నెల్లూరు–మద్రాసు: కిరాయితో కొలిచిన దూరం

నెల్లూరు నుంచి చెన్నైకి రోడ్డు మీద సుమారు 175 కిలోమీటర్లు. ఆ దూరాన్ని నేడు గంటల్లో లెక్కిస్తున్నాం. ఈ తీరం మాత్రం చాలాకాలం కిరాయితో లెక్కించింది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వకం మొదలైన ఉప్పునీటి కాలువ, 1876–78 కరువులో కూలీల చెమటతో విస్తరించి, గవర్నరు బకింగ్‌హాం పేరు తెచ్చుకుంది. తెరచాప ఎత్తి, గాలి లేనప్పుడు గట్టు మీద నుంచి తాడుతో లాగుతూ పడవవాళ్లు ఉప్పు, సరుగుడు కట్టెలు, ధాన్యం చేరవేసేవారు.

1899లో గూడూరు–మద్రాసు రైలుమార్గం వచ్చాక కాలువకు కాలం చెల్లిందనే వాదన ఉంది. ప్రయాణికుల విషయంలో అది నిజమే. కట్టెకు, ఉప్పుకు తొందరేముంది? వాటికి కావలసింది తక్కువ కిరాయి. అందుకే ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు పడవలు నడిచాయి. 2008లో జాతీయ జలమార్గం–4లో చేరిన ఈ కాలువ పునరుద్ధరణను వేగంతో కాదు, సామాన్యుడి సరుకుకు మిగిలే ఖర్చుతో తూచాలి.