అంగళ్లే యజమానులైన టోకు కొట్టు

వీధి మొదట నుండు చిల్లర అంగడిని మన మెల్లరము ఎరుగుదుము. ఉప్పునకు, పప్పునకు, నూనెకు దానినే ఆశ్రయింతుము. తూకము తగ్గినను, ధర పెరిగినను ఆ అంగడివానినే తప్పు పట్టుదుము. కాని వాని వెనుక టోకు వర్తకుడొకడు కలడనియు, తాను కొనుచోట చిల్లర వర్తకుడును మనవలెనే నిస్సహాయుడనియు మనకు తోచదు. ఇట్టి చిన్న అంగళ్లు పదుగురి సొత్తైన సహకార సంస్థలో ఏల చేరును? చేరి ఏమి పొందును? ఈ ప్రశ్నకు ఇంగ్లండు దేశ చరిత్రలో మంచి సమాధానము లభించుచున్నది. దానినే ఇచ్చట సంగ్రహముగా చెప్పదలచితిమి.

నాటి లాంకషైర్ మండలమున రోచ్‌డేల్ అను పట్టణ ముండెను. ఆ కాలమున అది ఉన్నిబట్టలు నేయువారి ఊరు. 1840 తరువాతి సంవత్సరములలో అచ్చటి నేతగాండ్రు కూలి చాలక మిక్కిలి ఇడుములు పడిరి. చేత రొక్కము లేనివాడు అరువు తెచ్చుకొనవలెను. అరువు తెచ్చుకొన్నవాడు అంగడివాడిచ్చిన సరుకును కిమ్మనక పుచ్చుకొనవలెను. రొట్టె తెల్లగా కనబడుటకై పిండిలో పటిక కలుపుట ఆ దేశమున నాడు సర్వసామాన్యము. ఆర్థర్ హాసల్ అను వైద్యుడు 1851 మొదలుకొని లండను నగరపు ఆహార పదార్థములను సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఫలితములను 'లాన్సెట్' పత్రికలో ప్రకటింపగా, ఆ కల్తీ ఎంతగా వ్యాపించినదో లోకమునకు వెల్లడి అయ్యెను.

అంతకు ముందే రోచ్‌డేల్ వాసులు కొందరు తమ దారి తాము వెదకుకొనిరి. వారమునకు రెండు మూడు పెన్నీల చొప్పున కూడబెట్టి, 28 పౌనుల మూలధనముతో, 1844 డిసెంబరు 21వ తేదీన టోడ్ లేన్ అను వీధిలో ఒక చిన్న అంగడి తెరచిరి. వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్ల పిండి, కొన్ని క్రొవ్వొత్తులు, ఇవియే అందలి సరుకులు. ఆ సరుకంతయు ఒక చేతిబండిలో పట్టునని పోటీ వర్తకుడొకడు పరిహసించినట్లు వారి చరిత్ర వ్రాసిన హోలియోక్ పేర్కొనినాడు. అయినను వారు తూకమునందు న్యాయము, సరుకునందు శుద్ధి తప్పలేదు. అరువు ఈయలేదు. మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో ఆ లెక్కను బట్టి వారికే పంచి ఇచ్చిరి. మరుసటి సంవత్సరాంతమునకు సభ్యులు 74 మంది అయిరి. అమ్మకము 710 పౌనులకు చేరెను.

ఇది చూచి చుట్టుపట్ల ఊళ్లలోను ఇట్టి సహకార భండారములు వెలసెను. అప్పుడు రెండవ చిక్కు తలయెత్తెను. గృహస్థునకు న్యాయము జరిగెను గాని, భండారమునకు ఎవరు న్యాయము చేయుదురు? ఒక్కొక్క భండారము కొద్ది కొద్దిగా కొనుచుండుటచే మంచి ధర దొరకదు. టోకు బేరగాడు పంపిన సరుకులో కల్తీ యున్నచో, చిల్లర అంగడి ఎంత నిజాయితీతో తూచినను అది కల్తీ సరుకే గదా!

రోచ్‌డేల్ వారే 1855 ప్రాంతమున ఒక టోకు శాఖను తెరచి, పొరుగు భండారములకు సరుకు సమకూర్పబూనిరి. ఆలోచన మంచిదే, కాని ఫలింపలేదు. లాభమంతయు రోచ్‌డేల్ వారికే పోవుచున్నదేమో యని పొరుగువారు శంకించిరి. పొరుగువారి కొరకు తామేల నష్టపడవలెనని రోచ్‌డేల్ సభ్యులు గొణగిరి. ఇరువురి మాటలోను కొంత న్యాయము లేకపోలేదు. ఒకరు యజమానులు, తక్కినవారు ఖాతాదారులు అయినచోట నమ్మిక నిలుచుట కష్టము.

ఈ లోపమును సరిదిద్దుటకు చట్టము తోడ్పడెను. ఒక సంఘము మరియొక సంఘమున వాటాలు కొనుటకు 1862 నాటి శాసనము అనుమతి నిచ్చెను. మరుసటి సంవత్సరముననే ఉత్తర ఇంగ్లండు భండారములు కొన్ని కలిసి ఒక టోకు సంఘమును స్థాపించెను. రోచ్‌డేల్ వాస్తవ్యుడు ఏబ్రహాం గ్రీన్‌వుడ్ దానికి ప్రథమాధ్యక్షుడు. 1864లో మాంచెస్టర్ నగరమున వ్యాపార మారంభమయ్యెను. భండారములే వాటాదారులు, వానిలోని సభ్యుల సంఖ్యను బట్టి ప్రతినిధులు, కొన్న సరుకును బట్టి లాభాంశము. టోడ్ లేన్ అంగడిలో గృహస్థునకు వర్తించిన నియమమే ఇచ్చట అంగడికి వర్తించెను.

దీనితో సమస్తమును చక్కబడెనని చెప్పరాదు. ఈ సంఘమునందే కొని తీరవలెనని భండారములకు నిర్బంధము లేదు. పాత బేరగాండ్రతో పొత్తు వదలని కొనుగోలు గుమాస్తాలును కలరు. కావున సంఘము తన వాటాదారుల ఆదరమును సైతము మంచి సరుకుతోనే సంపాదించుకొనవలసి వచ్చెను. అది మేలే అయినదని మా అభిప్రాయము. ఐర్లండు వెన్న కొనుటకై 1866లో టిప్పరరీలో కొనుగోలు కేంద్రము, 1873లో క్రంప్సాల్‌లో బిస్కత్తుల కర్మాగారము ఏర్పడెను. 1902 నాటికి సింహళమున తేయాకు తోటలు సయితము సహకార టోకు సంఘముల సొత్తయ్యెను.

ఈ గాలి మన దేశమునకును సోకెను. నాడు తెలుగు జిల్లాలకును రాజధానియైన చెన్నపట్టణమున 1904లో ట్రిప్లికేన్ పట్టణ సహకార సంఘము వెలసి, గృహస్థులకు వెచ్చములు అమ్మజొచ్చెను. 1904 నాటి చట్టము పరపతి సంఘములను మాత్రమే ఉద్దేశించినది. 1912 చట్టము తక్కిన సంఘములకును, సంఘముల సమాఖ్యలకును దారి తెరచెను.

కాగా, అంగళ్లు సహకారమున చేరుటకు చౌక ధర యొక్కటే కారణము కాదు. చౌక ధరను ధనికుడైన టోకు వర్తకుడు నాలుగు నెలలు ఈయగలడు. పోటీ అంగడి మూతపడిన వెనుక ఐదవ నెలలో పెంచగలడు. అట్లు పెంచుటకు వీలులేని చోటు తనదైన చోటు మాత్రమే. రోచ్‌డేల్ వారి రెండు ప్రయత్నములకును నడుమ గల భేద మిదియే: మొదటిదానిలో పొరుగు అంగడి సరుకు కొన్నది, రెండవదానిలో సరుకుతోపాటు లెక్క అడుగు హక్కును గూడ కొన్నది.

టోడ్ లేన్ లోని ఆ చిన్న యిల్లు నేడు ప్రదర్శనశాలగా నున్నది. చేతిబండిలో పట్టునని నవ్విన ఆ వర్తకుని అంగడి ఎచ్చట నుండెనో అడుగువారు లేరు.