పాత ఫిల్మ్ కెమెరాల రెక్సిన్ తొలగింపు

కెమెరా ఒంటికి అంటించిన తోలు, రెక్సిన్ లేదా రబ్బరు తొడుగును ఊడదీయడం పాత ఫిల్మ్ కెమెరాల పునరుద్ధరణలో తరచు మొదట వచ్చే పని. దీన్ని అందానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడడం సరికాదు. చాలా కెమెరాల్లో లోపలికి దారి ఈ తొడుగు కిందే ఉంటుంది. రోలీఫ్లెక్స్, యాషికా-మ్యాట్ వంటి రెండు లెన్సుల కెమెరాల్లో ముందు పలకను బిగించే స్క్రూలు దాని చాటునే ఉంటాయి. తొడుగు చిరగకుండా లేవడం ముఖ్యం, ఎందుకంటే కొత్తది కత్తిరించడానికి సరైన కొలత ఇచ్చేది ఆ పాత ముక్కే.

తొడుగు ఏదో, జిగురు ఏదో తెలిశాకే చెయ్యి పెట్టాలి. తొలినాటి కెమెరాలకు నిజమైన తోలు గానీ నైట్రోసెల్యులోజ్ పూసిన గుడ్డ గానీ వేసేవారు. తర్వాత పీవీసీ వచ్చింది. లక్క నుంచి తీసే షెల్లాక్‌తో అతికించినవి ఆల్కహాల్‌కు మెత్తబడతాయి. రబ్బరు జిగురు లైటర్లలో పోసే నాఫ్తాకు లొంగుతుంది. అసిటోన్‌ను మాత్రం తొడుగు దగ్గరికి రానివ్వకూడదు. నైట్రోసెల్యులోజ్ అందులో కరిగిపోతుంది, చుట్టుపక్కల పెయింటూ పాడవుతుంది.

ఒక అంచు కింద పలుచని చెక్క పుల్లో ప్లాస్టిక్ బద్దో దూర్చి, కుంచెతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలుగా అద్ది, కాసేపు ఆగి, బద్దను లోహానికి ఆనించి ముందుకు జరపాలి. పట్టుకుని లాగితే పీవీసీ సాగుతుంది, సాగింది మళ్లీ తన చోట అమరదు. ద్రావకం ఎక్కువైతే కరిగిన జిగురును వెంటబెట్టుకుని షట్టర్ రేకుల మీదికి పారుతుంది, అవి అంటుకుపోతాయి. హెయిర్ డ్రయర్ వేడి కూడా జిగురును వదులు చేస్తుంది. కానీ పాత లెన్సుల గాజులను కలిపే కెనడా బాల్సమ్ సైతం వేడికి మెత్తబడేదే, కాబట్టి గాలిని లెన్సు వైపు తిప్పకూడదు. గదిలోకి గాలి బాగా రావాలి, దరిదాపుల్లో మంట ఉండకూడదు.

జర్మనీకి చెందిన జైస్ ఐకాన్ కెమెరాలది ప్రత్యేకమైన సమస్య. 1950లో వచ్చిన కాంటాక్స్ 2ఎ వంటి వాటి తోలు మీద చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. లోపలి రివెట్లకు పట్టిన చిలుము ఏళ్ల తరబడి పెరిగి తోలును పైకి నెడుతుంది. పైనుంచి నొక్కి చదును చేయడం వృథా ప్రయాస, కొన్నాళ్లకు బొడిపె మళ్లీ తేలుతుంది. తోలు లేపి, చిలుమును పూర్తిగా గీకి, ఆ చోటును శుభ్రం చేసి, పలుచగా వార్నిష్ పూసి ఆరనిచ్చాకే తిరిగి అంటించాలి.

1954 నాటి లైకా ఎం3 మీద ఉండేది వల్కనైట్, అంటే గంధకంతో గట్టిపరచిన రబ్బరు. వయసు మీదపడితే అది పెళుసెక్కి పెచ్చులుగా రాలుతుంది. దాన్ని ఒక్క ముక్కగా తీయాలన్న ఆశ వదులుకోవాలి. లోపలి యంత్రాన్ని బయటికి తీసి, ఖాళీ డొల్ల మీది పొరను మాస్కు కట్టుకుని కొంచెం కొంచెంగా చెక్కుతారు. పొర గట్టిగా ఉండి, ఒకటి రెండు పెచ్చులు మాత్రమే పోయిన కెమెరాకు ఆ లోటు పూడ్చి ఊరుకోవడమే మేలు.

తిరిగి అతికించేటప్పుడు ఎపాక్సీ, సూపర్ గ్లూ వాడకూడదు. షట్టర్ మళ్లీ మొరాయిస్తే తొడుగు కింది అవే స్క్రూల దగ్గరికి వెళ్లాలి. పలుచని రెండువైపుల టేపు గానీ, ద్రావకానికి మెత్తబడే జిగురు గానీ అయితే ఆ తొడుగును మళ్లీ పాడు కాకుండా లేపవచ్చు.