రేడియో సామాన్ల కొట్టు

రేడియో సామాన్ల కొట్టు అంటే రేడియోలు అమ్మే కొట్టు కాదు. రేడియోలు అమ్మే చోటు వేరు. అక్కడ అద్దాల బీరువాలూ, మర్ఫీ, బుష్, ఫిలిప్సు కంపెనీల బొమ్మలూ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న యజమానీ ఉండేవారు. సామాన్ల కొట్టు ఆ వీధి చివరనో, పక్క సందులోనో ఉండేది. మహా అయితే ఎనిమిదడుగుల వెడల్పు. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, బల్ల మీద ఒక మల్టీమీటరు, పైన మేకులకు వేలాడే తీగచుట్టలు. కండెన్సర్లు, రెసిస్టెన్సులు, కాయిళ్ళు, ట్రాన్సిస్టర్లు, గాంగులు, బ్యాండు స్విచ్చీలు, డయలు దారం, లెడ్డు, సోల్డరు పేస్టు, ఇవీ అక్కడి సరుకులు. పూర్తి వస్తువు ఒక్కటీ దొరకదు. పూర్తి వస్తువు కావడానికి వలసినవన్నీ దొరుకుతాయి.

ఇటువంటి కొట్లు మన పట్టణాలలో వాల్వు రేడియోల కాలంలో పుట్టి, 1980లలో కళకళలాడి, కొత్త శతాబ్దం మొదటి పదిహేనేళ్ళలో ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. నేను తెలుగు పండితుణ్ణి. విద్యుచ్ఛాస్త్రం నా సొత్తు కాదు. కానీ మా పాఠశాలలోని భౌతికశాస్త్రోపాధ్యాయులు సాయంత్రాలు అటువంటి ఒక కొట్టు అరుగు మీద గడిపేవారు. ఆయనతో కూడ నేనూ ఏళ్ళ తరబడి కూర్చున్నాను. అక్కడ విన్నదీ, తరువాత చదివి తెలుసుకొన్నదీ కలిపి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కొట్టు పుట్టాలంటే ముందు రేడియో రావాలి కదా. మద్రాసులో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు వారు 1924లో ప్రసారాలు మొదలుపెట్టి, డబ్బు చాలక మూడేళ్ళకే మానుకొన్నారు. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938లోను, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యాయి. 1933 నాటి చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో కలిగి ఉండటమే నేరం. ఏటేటా తపాలా కచేరీకి వెళ్ళి రుసుము చెల్లించాలి. ఈ తతంగం 1980ల నడిమి దాకా సాగిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఆ కాలపు రేడియో లోపల గాజు వాల్వులుండేవి. స్విచ్చి వేయగానే పలికేది కాదు. వాల్వులు ఎర్రబడి వేడెక్కే దాకా కాచుకొని కూర్చోవాలి. దీపపు బుడ్డి మాడినట్టే వాల్వూ కొన్నాళ్ళకు మాడిపోయేది. అయితే దానిని చేత్తో ఊడదీసి మరొకటి గుచ్చవచ్చు. చెడిపోవటం దాని స్వభావం, మార్చుకోవటానికి వీలుగా ఉండటం దాని నిర్మాణం. సామాన్ల కొట్టుకు బీజం ఈ రెండింటి కలయికలోనే పడింది.

ట్రాన్సిస్టరును అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1947లో కనుగొన్నారు. మన దేశంలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ, 1954లో ఏర్పడినది, 1960లలో ట్రాన్సిస్టర్ల తయారీకి పూనుకొన్నది. ఏసీ 127, ఏసీ 128 అన్న జంట ఆ రోజులలో మెకానిక్కుల నోట రామలక్ష్మణుల పేర్లలాగా పలికేది. ఇక మరో సంగతి. కంపెనీ రేడియో ఒక బడిపంతులు కొనదగిన వస్తువు కాదు. విదేశీ మారకద్రవ్యపు కటకట వలన దిగుమతికి లైసెన్సు, ఉత్పత్తికి లైసెన్సు. అందుచేత ఊరి మెకానిక్కు సామాన్ల కొట్టులో విడివిడిగా అన్నీ కొని, వడ్రంగి చేత చెక్కపెట్టె చేయించి, దానిలో బిగించి ఇచ్చేవాడు. దీనికి లోకల్ సెట్టు అని పేరు. చూడటానికి మోటు, పలకటంలో ఘనం. మా ఇంట్లో వార్తలు విన్నది దానిలోనే.

కనుక నిజం చెప్పుకోవాలి. ఈ కొట్లను తలచుకొని కన్నీరు పెట్టుకొనే వారు కొందరున్నారు. అవి పచ్చగా ఉండటానికి కారణం దేశంలోని కొరత. వస్తువు దొరకని చోట విడిభాగానికి విలువ. ఆ కొరతను మళ్ళీ ఎవరం కోరుకోము. అయినా ఆ కొరత వలన ఒక చదువు పుట్టింది. దానిని గురించి చెప్పకుండా కొట్టు చరిత్ర చెప్పినట్టు కాదు.

రెసిస్టెన్సు మీద అంకెలు వేయరు, చిన్నది కనుక చోటు చాలదు. చుట్టూ రంగుల చారలు వేస్తారు. నలుపు సున్న, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు, ఆకుపచ్చ ఐదు, నీలం ఆరు, ఊదా ఏడు, బూడిద ఎనిమిది, తెలుపు తొమ్మిది. మొదటి రెండు చారలూ అంకెలు, మూడవది వాటి పక్కన ఎన్ని సున్నలు చేర్చాలో చెబుతుంది. గోధుమ, నలుపు, నారింజ అంటే పదివేల ఓములు. నాలుగవ చార బంగారు రంగైతే విలువ నూటికి ఐదు పాళ్ళు అటూ ఇటూ ఉండవచ్చు, వెండి రంగైతే పది పాళ్ళు. ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఇది మన కటపయాది! అక్షరంలో అంకెను దాచటం మన పూర్వుల పద్ధతి, రంగులో దాచటం వీరిది. మేచకల్యాణిలో మకారానికి ఐదు, చకారానికి ఆరు, వామగతిని చదివితే అరవై ఐదవ మేళకర్త. ఆకుపచ్చ ఐదు, నీలం ఆరు, ఇక్కడ మాత్రం ఎడమ నుండే చదవాలి గనుక యాభై ఆరు.

మరొక చమత్కారం కూడా కొట్టు యజమానే చెప్పాడు. అన్ని విలువల రెసిస్టెన్సులూ తయారు చేయరు. పది, పన్నెండు, పదిహేను, పద్ధెనిమిది, ఇరవై రెండు, ఇరవై ఏడు, ముప్పై మూడు, ముప్పై తొమ్మిది, నలభై ఏడు, యాభై ఆరు, అరవై ఎనిమిది, ఎనభై రెండు, ఈ పన్నెండే. పది పాళ్ళ తేడాను అనుమతిస్తే ఈ పన్నెండూ పక్కపక్కన చేరి, నడుమ ఉన్న విలువలన్నిటినీ ఇంచుమించుగా కప్పేస్తాయి. ఆ పైన వాటినే పదింతలు, నూరింతలు చేసుకుంటూ పోవటమే. పది ఓముల నుండి మెగ్ ఓముల దాకా ఆరు వరుసలు. పన్నెండారులు డెబ్భై రెండు. గోడకు సరిగ్గా డెబ్భై రెండు సొరుగులు! మేళకర్తలూ పన్నెండు చక్రాలలో చక్రానికి ఆరేసి చొప్పున డెబ్భై రెండే. ఇది కాకతాళీయమని నాకూ తెలుసు. కానీ ఒక హద్దు గీసుకొని ఆ హద్దులో అన్నిటినీ ఇమిడ్చే బుద్ధి రెండు చోట్లా ఒకటే అనిపించి, ఆ గోడను చూసినప్పుడల్లా నాకు వెంకటమఖి గుర్తుకు వచ్చేవాడు.

ఆ యజమాని చదివింది ఎస్సెస్సెల్సీ. సరుకు కోసం నెలకొకసారి మద్రాసు రిచ్చీ వీధికి వెళ్ళివచ్చేవాడు. హైదరాబాదు వైపు వారికి కోఠీలోని గుజరాతీ గల్లీ అటువంటిది. పిల్లవాడెవడైనా వచ్చి "కండెన్సరు కావాలండీ" అంటే వెంటనే ఇచ్చేవాడు కాదు. "ఎందుకురా? ఏం చేస్తున్నావు? పాతది తెచ్చావా?" అని అడిగేవాడు. పాతది చూసి, "ఇది పోలేదురా, దాని పక్కన ఉన్న ట్రాన్సిస్టరు పోయి ఉంటుంది, చూసుకురా పో" అని పంపేవాడు. పావలా బేరం పోయేది. మా భౌతికశాస్త్రం మాష్టారు ఓము సూత్రాన్ని నల్లబల్ల మీద చెప్పి, దాని తాత్పర్యానికి పిల్లలను ఈ కొట్టుకు పంపేవారు. "మాష్టారూ, మీరు పద్యం చెప్పండి, టీకా నేను చెబుతాను" అని అతడు నవ్వేవాడు.

తరువాత టెలివిజను వచ్చింది. 1975–76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు కార్యక్రమాలు చూపిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. ఆ టీవీలను తయారు చేసినది మన హైదరాబాదులోని ఈసీఐఎల్. హైదరాబాదు దూరదర్శన్ 1977లో, రంగుల ప్రసారాలు 1982 ఆసియా క్రీడలతో. మా వంటి దూరపు ఊళ్ళలో బొమ్మ సరిగా రావాలంటే ఇంటిమీద ఎత్తైన గొట్టం, దాని కొసన యాంటెన్నా, నడుమ ఒక బూస్టరు. ఆ బూస్టర్లు కొట్టువాళ్ళు స్వయంగా చేసి అమ్మేవారు. టేపురికార్డర్లు, పెళ్ళి మైకుసెట్లు, ఆటోలలో పాటలు, 4440 ఐసీతో చేసిన యాంప్లిఫయర్లు వీటన్నిటికీ గిరాకే. అదే ఆ కొట్లకు పట్టపగలు. నకిలీలూ అప్పుడే పెరిగాయి. చవక ట్రాన్సిస్టరు మీది పేరు గీకి 2ఎన్ 3055 అని అచ్చువేసి అంటగట్టేవారు.

క్షయం ఎలా వచ్చింది? చాలామంది అంతర్జాలపు అంగళ్ళ పేరు చెబుతారు. అవి వచ్చేనాటికే రోగి మంచం పట్టి ఉన్నాడు. అసలు కారణం వస్తువు లోపలనే ఉన్నది. వాల్వును చేత్తో తీయవచ్చు. ట్రాన్సిస్టరు మూడు కాళ్ళూ కరిగించి తీయవచ్చు. ఐసీ వచ్చి వందలాది ట్రాన్సిస్టర్లను ఒక్క నల్ల పలకలో మూసివేసింది. లోపల ఒకటి పోతే పలకనే మార్చాలి. ఆ తరువాత భాగాలు పలక ఉపరితలానికే అతుక్కొనే రకానివయ్యాయి. సెల్‌ఫోనులలో వాడే ఒకానొక రెసిస్టెన్సు పొడవు ఒక మిల్లీమీటరు, వెడల్పు అందులో సగం. ఆవగింజ నయం. రంగుల చారలు వేయటానికి దానికి ఒళ్ళేదీ? భాగం అన్నది చేతికి దొరకనప్పుడు భాగాలమ్మే కొట్టుకు పనేమిటి? "బోర్డు పోయింది, బోర్డే మార్చాలి" అన్న మాట అప్పటి నుండే వింటున్నాము.

సుంకాల కథ దీనికి తోడయింది. భారతదేశం 1997లో సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, 2005 నాటికి ఆ పట్టికలోని సరుకులపై దిగుమతి సుంకాన్ని సున్నకు తెచ్చింది. 2004లో థాయిలాండుతో కుదిరిన ఏర్పాటు వలన అక్కడి రంగుల టీవీలు రెండేళ్ళలో సుంకం లేకుండా రాసాగాయి. చిత్రమేమిటంటే విడిభాగమూ చవకైంది. కానీ కొత్త వస్తువు అంతకంటె వేగంగా చవకైంది. మరమ్మతు కూలి కొత్త వస్తువు వెలలో సగానికి చేరితే ఎవరు బాగు చేయించుకొంటారు? మరమ్మతు చేసేవాడు పోతే, అతని వెనుకనే అతనికి సరుకిచ్చేవాడూ పోయాడు. ప్రధాన వీధిలో అద్దె మాత్రం పెరుగుతూనే ఉన్నది. పదిపైసల, పావలాల బేరంతో ఆ అద్దె ఎక్కడ కట్టగలరు?

ఇది మన ఒక్కరి కథ కాదని అమెరికాలోని బ్లాగుమిత్రులకు తెలుసు. న్యూయార్కులో కోర్ట్‌లాండ్ వీధి పరిసరాలను రేడియో రో అనేవారు. 1920ల నుండి అక్కడంతా రేడియో సామాన్ల కొట్లే. ప్రపంచ వాణిజ్య కేంద్రం కట్టడానికి 1966లో ఆ వీధులను పడగొట్టారు. అది అధికారుల చేతిలో చావు. రేడియో షాక్ సంగతి వేరు. 1921లో బోస్టనులో పుట్టి, 1963లో తోలు వ్యాపారి టాండీ చేతికి వచ్చి, దేశమంతటా వేలాది దుకాణాలుగా విస్తరించింది. 1977లో సొంత కంప్యూటరును కూడ అమ్మింది. చివరి కాలంలో ఆ దుకాణంలో విడిభాగాల సొరుగులు వెనుక గోడకు జరిగి, ముందంతా సెల్‌ఫోనులు నిండాయి. 2015 ఫిబ్రవరిలో దివాలా తీసింది. మన ఊరి కొట్టుకూ ఇదే వరుస. మొదట రిమోట్లు, ఛార్జర్లు, తరువాత ఫోను తొడుగులు, తరువాత రీఛార్జి, ఆ తరువాత కొత్త పేరుతో కొత్త బోర్డు.

పెద్ద బజార్లు మాత్రం బతికాయి. రిచ్చీ వీధి ఉన్నది, గుజరాతీ గల్లీ ఉన్నది. పోయినవి ఊరి కొట్లు, నడిచి వెళ్ళదగినవి. ఈ తేడా చిన్నదేమీ కాదు. పావలా వస్తువు కోసం పదమూడేళ్ళ పిల్లవాడు నగరానికి రైలెక్కడు. అంతర్జాలంలో అన్నీ దొరుకుతాయి, నిజమే. కానీ ఏం కావాలో ముందే తెలిసి ఉండాలి. "ఇది పోలేదురా" అని చెప్పేవాడు అక్కడ ఉండడు.

దీనిలోని వింత ఒకటి నన్ను కలచివేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కళాశాలలు ఆరువందలు దాటిన కాలమూ, ఈ కొట్లు మూతపడిన కాలమూ ఒకటే. ఎలక్ట్రానిక్సు చదివేవారు వేలకు వేలు పెరిగారు, ఎలక్ట్రానిక్సు అమ్మేవారు తరిగారు. ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోసం కుర్రవాళ్ళు హైదరాబాదు వెళ్ళి, తయారుగా ఉన్నదానిని, నివేదికతో సహా, కొనుక్కొని వచ్చేవారు. నా శిష్యులలోనే అటువంటివారు ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టను. చేత్తో పట్టుకొని చూడటానికి వాళ్ళ ఊళ్ళో ఏమి మిగిలింది గనుక?

2022లో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు విషయమై ఒక సంఘాన్ని వేసి, ఆ డిసెంబరులోనే ఒక జాలస్థలాన్ని కూడ ప్రారంభించింది. మంచిపనే. వస్తువును బాగుచేసుకొనే హక్కు కొన్నవాడిదే అని ప్రభుత్వం అనటం నాకు సంతోషం. ఆ హక్కును చేతబట్టుకొని మా బజారుకు వెళ్ళినవాడికి మాత్రం ఆ పాత కొట్టున్న చోట మందుల షాపు కనబడుతుంది.

చదువరులకు ఒక విన్నపం. మీ ఊళ్ళో రేడియో సామాన్ల కొట్టు ఏ వీధిలో ఉండేది, సుమారు ఎప్పుడు మొదలై ఎప్పుడు మూతపడింది, సరుకు ఎక్కడి నుండి తెచ్చేవారు, ఇప్పుడు ఆ చోట ఏమున్నది, ఈ నాలుగూ తెలిసినంతవరకు వ్రాయండి. సొరుగుల గోడ ఎవరి ఇంటనైనా ఇంకా పదిలంగా ఉంటే దాని ఫొటో కూడ జతచేయండి.